గోడ మీద లేని పదమూడు

సంతాప సభలో ఆమె ఫొటోకు దండ వేసి ముందు దీపం పెట్టారు. ఆ సెమినారు హాలులో ఎవరు పోయినా అదే ఏర్పాటు. చనిపోయింది ఏలూరులో తివాచీలు నేసే ముస్లిం ఇంట పుట్టిన మనిషి అని ఎవరికీ తోచలేదు, తోచినా మార్చేవారు కాదు. ప్రిన్సిపాలుగారు లేచి, ఇన్నేళ్ళలో ఆమె ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాలేదన్నారు. అది నిజం కాదు. మా పాసింజరు ఆలస్యమైన ప్రతి రోజూ ఆమె ఆలస్యంగానే వచ్చింది. ఇంకొకాయన, ఆమె ఎవరినీ నొప్పించి ఎరగదన్నారు. ఇది ఇంకా పెద్ద అబద్ధం. నన్ను వారానికి రెండుసార్లైనా నొప్పించేది. ఆమె ఏం పరిశోధించింది, ఎందుకు దాన్ని సగంలో వదిలేసింది అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. రెండు నిమిషాలు మౌనం పాటించి, మిక్చరు పొట్లాలు పంచి, పంపించేశారు.

ఆ సభలో చెప్పని మనిషి గురించి నేను రాస్తున్నాను.

నేను ఆ కాలేజీవాణ్ణి కాను. తాడేపల్లిగూడెంలో హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఏలూరు నుంచి రోజూ పాసింజరులో వెళ్ళి వచ్చేవాణ్ణి. మిగిలిన కాలమంతా మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాయడం, పిలిచిన చోటికల్లా పోయి వాదించడం నా వ్యాపకం. ఆమెతో పరిచయం ఆ రైల్లోనే. ఎనిమిదేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నాం.

మొదటి రోజు బాగా గుర్తుంది. మర్నాడు సూర్యగ్రహణం. భీమడోలులో ఎక్కిన ఒకాయన, గర్భిణులు ఇల్లు కదలకూడదని పెట్టెలో అందరికీ చెబుతున్నాడు. నేను ఊరుకుంటానా? అది ఉత్త నీడ అని, భూమి నీడకు ఎవరి కడుపులో బిడ్డకూ ఏమీ కాదని గట్టిగా అందుకున్నాను. ఎదురు సీట్లో ఒకామె, తల మీద కొంగుతో, ఒళ్ళో పరీక్ష పేపర్లు పెట్టుకుని ఎర్ర కలంతో దిద్దుకుంటోంది. తల ఎత్తకుండానే అంది.

"మాస్టారూ, మీరు చెప్పేది నిజమేనండి. కారణం తప్పు. సూర్యగ్రహణానికి పడేది చంద్రుడి నీడ. ఈయన కాస్త చదువుకున్న మనిషైతే మీరు ఓడిపోదురు."

పెట్టెలో నవ్వులు లేచాయి. భీమడోలు ఆయన గెలిచినంత సంతోషపడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. కాని ఆ రోజు నుంచి ఆమె ఉన్న పెట్టెలోనే ఎక్కేవాణ్ణి.

ఆమె తాడేపల్లిగూడెం కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేది. నలభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి ఇంట్లో ఉండేది. మాట్లాడుతున్నప్పుడు బొటనవేలి గోరు మిగిలిన వేళ్ళ కణుపుల మీద వరసగా కదిలేది. జపం చేస్తున్నారా అని ఒకసారి ఎత్తిపొడిచాను. నవ్వింది.

"ముడులు లెక్కపెట్టే అలవాటండి. మా నాన్న తివాచీ మగ్గం పక్కన కూర్చుని రంగుల వరస పైకి చదివేవారు. నేసేవాళ్ళు ముడి వేసి, ఆ రంగు పేరు తిరిగి చెప్పాలి. చెప్పకపోతే ముడి పడనట్టే లెక్క. అది వినపడేదాకా మా నాన్న రెండో రంగు చదివేవారు కాదు."

"మీకు దేవుడి మీద నమ్మకం ఉందా, లేదా?" అని ఇంకో రోజు నిలదీశాను. వాదనకు దిగితే నేను ఎవరినీ వదలను.

"అది మా ఇంటి సంగతండి. పోయిన వారం మీరిచ్చిన ప్రసాదం బాగుంది. మీ ఆవిడగారు వ్రతం చేస్తే స్టీలు డబ్బాలో మోసుకొచ్చింది మీరే కదా. నేనేమైనా అడిగానా?"

పూళ్ళ దాటేదాకా న్యూస్‌పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆమె పరిశోధన సంగతి చాలాకాలం నాకు అర్థం కాలేదు. పేపరు మీద ఎప్పుడూ మూడు చుక్కలు పెట్టేది. ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి, మధ్యలో ఒకటి. తీగలు లేకుండా గాలిలో మాట పంపాలి. ఆ చివరిది ఈ చివరికి వినపడదు. మధ్యలో ఉన్నది విని, అందించాలి. ఇందులో పరిశోధించడానికి ఏముందని అడిగాను.

పెట్టెకు ఆ కొసన వేరుశనక్కాయలమ్మే ఆయన, ఈ కొసన జామకాయలమ్మే ఆమె రైలు మోతలో ఒకరికొకరు ఏదో అరుచుకుంటున్నారు.

"వాళ్ళిద్దరి మధ్యా మీరు నిలబడ్డారనుకోండి," అంది. "ఆయన అయిదు అన్నాడు. ఆమె మూడు అంది. మీరేం చేస్తారు?"

"ఆమెకు అయిదని చెబుతాను. ఆయనకు మూడని చెబుతాను."

"రెండుసార్లు అరవాలి. మీ గొంతుకు రెండుసార్ల ఓపిక లేదు, ఒక్కసారికే ఉంది. అప్పుడు?"

అయితే ఒకరికే చెబుతానన్నాను.

"రెండూ కూడి ఎనిమిది అని ఒక్కసారి అరవండి. తను అయిదు అన్నానని ఆయనకు గుర్తుంటుంది కదా. ఎనిమిదిలోంచి అయిదు తీసేసుకుంటే మూడు వచ్చేస్తుంది. ఆమె మూడు తీసేసుకుంటే అయిదు వచ్చేస్తుంది. ఒక్క అరుపుతో రెండు మాటలూ చేరాయి. వైర్‌లెస్ సెట్టులో జరిగేది అచ్చంగా కూడిక కాదనుకోండి, దానికి దగ్గర పని."

బాదంపూడి వచ్చేదాకా నేను ఆ ఎనిమిది గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ ఆదివారమే గణపవరంలో నా ఉపన్యాసం ఉంది. అక్కడ దంచేశాను. తానేమన్నాడో గుర్తు లేనివాడికి ఎదుటివాడు ఏమన్నాడో ఎన్నటికీ అర్థం కాదని, మన దేశంలో వాదాలు తెగకపోవడానికి కారణం ఇదేనని చెబితే చప్పట్లు మోగాయి. ఆ సంగతి ఎవరో విద్యార్థి వల్ల ఆమె చెవిన పడింది. సోమవారం రైలెక్కగానే పట్టుకుంది.

"నా లెక్క మీ ఉపన్యాసంలో పెట్టారటండి."

"పెడితే తప్పా? జనానికి ఎంత బాగా ఎక్కిందో."

"ఎక్కడం వేరు, రుజువు వేరు కదండీ. గాలిలో తరంగాలకు నిజమైంది గణపవరంలో మనుషులకు నిజమవ్వాలని ఎక్కడుంది? జ్యోతిష్కుడు చేసేదీ అదే. ఆకాశంలో ఒకటి చూసి, ఇంట్లో ఇంకొకటి జరుగుతుందంటాడు. మీరూ ఆయనా ఒకటేనాండి?"

ముప్పై ఏళ్ళుగా జ్యోతిష్కులను చీల్చి చెండాడుతున్న నన్ను ఎవరూ అంత మాట అనలేదు. అదీ ఎంత మెత్తగా అంటే, అంత మాటలోనూ అండీ వదల్లేదు.

లెక్కలో రెండో సగం బలం పంచడం. మూడు చుక్కల దగ్గరా ఉన్న విద్యుత్తు కాస్తంతే. దాన్ని ఎవరికెంత ఇవ్వాలి? దగ్గరి దారిలో మాట తేలిగ్గా పోతుంది, దూరపు దారిలో సగం గాలిలో పోతుంది. మొత్తం మీద ఎక్కువ మాటలు చేరాలంటే, బాగున్న దారికే ఇంకా పోయాలి, బొత్తిగా బాగాలేని దారికి సున్నా. "దీనికి రుజువుందండి, పొల్లు పోని రుజువు," అంది. నేను మండిపడి, మన ప్రభుత్వాలు చేసేదీ ఇదేనని మొదలుపెట్టబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"రుజువు తప్పు కాదండి. 'మొత్తం' అని అడిగితే అదే జవాబు. అడగడమే వేరేగా అడగాలి. అందరికన్నా వెనకున్నవాడికి వీలైనంత ఎక్కువ చేరాలి అని అడిగితే వేరే జవాబు వస్తుంది. నేను అది అడుగుతున్నాను. మా గైడుగారికి నచ్చలేదు. మొత్తం తగ్గుతుంది కదా, పేపర్లో బాగా కనపడదు."

ఈ లెక్కను ఆమె కాగితం మీద ఉంచలేదు. కొల్లేట్లో, చేపల చెరువుల గట్లకు అవతల ఒక లంక ఉంది. వానాకాలం ఎగువ నుంచి నీళ్ళు వస్తే ఆ ఊరికి చెప్పే దిక్కు లేదు. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్త. లంకలో ఉన్న నాలుగు ఫోన్లకూ సిగ్నలు పడవ రేవులో నిలబడితే అందేది, లేకపోతే లేదు. ఏలూరులో వరదల సంగతి చూసే ఒక ఆఫీసువాళ్ళు సరేనంటే, తన సొంత ఖర్చుతో, విద్యార్థుల సాయంతో ఆమె మూడు సెట్లు కట్టింది. ఒకటి ఏలూరు ఆఫీసులో, ఒకటి చెరువు గట్టు మీద ఇనుప స్తంభానికి, మూడోది లంకలో అంగన్‌వాడీ గదిలో. లంకవాళ్ళు రోజుకు మూడుసార్లు రేవులో పాతిన కొలత కర్ర చూసి, నీళ్ళు ఎన్నో గీత దగ్గరున్నాయో ఆ అంకె నొక్కి పంపాలి. ఏలూరు నుంచి వచ్చే అంకెలకు అర్థాలు గోడ మీద ఉంటాయి. సున్నా అంటే ఏమీ లేదు. మూడు అంటే నీళ్ళు పెరుగుతాయి. తొమ్మిది అంటే వెంటనే ఖాళీ చెయ్యాలి. ఆ కాగితం రాసింది నేను. బోర్డు మీద రాసి రాసి నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆమె నన్ను కూడా పడవెక్కించింది.

లంక సెట్టుకు ఒక బ్యాటరీ. అది అయిపోతే పడవ మీద ఒడ్డుకు పంపి ఛార్జి చేయించుకోవాలి. అందుకని ఆ సెట్టు తినే విద్యుత్తులో ప్రతి చుక్కా ఆమె పిండింది. పంపిన అంకెను శాశ్వతంగా గుర్తుంచుకునే చిన్న భాగం ఒకటి ఉంటే, అది కూడా విద్యుత్తు తింటోందని తీసేసింది. సెట్టు వెలుగుతున్నంతసేపూ అంకె గుర్తుంటుంది, అది చాలు అనుకుంది. ఆ మిగిలినది మాట దూరం పోవడానికి ఇచ్చింది. నాతో ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె మొహం పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్ల మొహంలా ఉంది.

అంగన్‌వాడీ టీచరమ్మకు సెట్టు అప్పజెప్పారు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఆ ఊళ్ళో పదో తరగతి పాసైన మొదటి ఆడది. చేపలు పట్టే ఇంటి కోడలు. మీట ఎక్కడ నొక్కాలో ఒక్కసారి చూపిస్తే పట్టేసింది.

"బ్యాటరీ జాగ్రత్తమ్మా. దీని ప్రాణమంతా అందులోనే ఉంది," అంది ఆమె.

"చూసుకుంటానండి."

పడవవాడు తొందర పెడుతున్నాడు. ఆమె రేవు వైపు నడుస్తూ నాతో అంది. "మధ్యలో కూడిక జరుగుతుందని చెప్పలేదండి. చెబితే కంగారు పడతారేమో."

"వాళ్ళకవన్నీ ఎందుకులెండి. వాడడం వస్తే చాలదా," అన్నాను నేను.

ప్రతిదానికీ ఎందుకని అడగండి అంటూ ఊరూరా తిరిగినవాణ్ణి. ఆ రోజు ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

ఆ రోజుల్లో ఫోనున్న ప్రతివాడికీ ఒక అలవాటు. మిస్డ్ కాల్ ఇచ్చి కట్ చేయడం. మోగిందంటే మన పని అయిపోయింది, అవతలివాళ్ళే చూసుకుంటారు. టీచరమ్మ కూడా అదే చేసింది. అంకె నొక్కి, పోయిందన్న పచ్చ లైటు వెలగగానే సెట్టు ఆపేసేది. బ్యాటరీ జాగ్రత్త అన్న మాట అంత శ్రద్ధగా పాటించింది. ఏలూరు నుంచి కబురు లేని రోజుల్లో కలపడానికి ఏమీ ఉండదు, సెట్టు సున్నాయే చూపించేది. లంకకు రాకముందు కాలేజీ బల్ల మీద ఆ సెట్టు నెలల తరబడి ఆగకుండా వెలిగింది, గోడ కరెంటు మీద. ఆపితే ఏమవుతుందో చూడాలని అక్కడ ఎవరికీ తట్టలేదు.

ఆ ఏడు వానాకాలంలో ఒక ఉదయం టీచరమ్మ నాలుగో గీత చూసి, నాలుగు నొక్కి, సెట్టు ఆపేసింది. కాసేపటికి తమ్మిలేరు పొంగిందన్న కబురు ఏలూరుకు వచ్చింది. ఆఫీసువాళ్ళు తొమ్మిది నొక్కారు. గట్టు మీది సెట్టు తన పని తాను చేసింది. రెండూ కలిపి పదే పదే పంపుతూనే ఉంది. మధ్యాహ్నం టీచరమ్మ మళ్ళీ సెట్టు వేసింది. తను పొద్దున పంపిన నాలుగు దానికి గుర్తు లేదు. అందులోంచి ఏమి తీసేయాలో తెలియక, వచ్చింది వచ్చినట్టు చూపించింది. పదమూడు.

గోడ మీది కాగితంలో పదమూడు లేదు.

ఊళ్ళో ఒక ముసలాయన గుర్రపుడెక్క ఎదురు కొట్టుకొస్తోందని, నీళ్ళ రంగు మారిందని అన్నాడట. దానికి మిగిలినవాళ్ళు, "సెట్టు తొమ్మిది అనలేదు కదా తాతా," అన్నారట. మగవాళ్ళంతా దోనెలు తీసుకుని వలల మీదికి వెళ్ళిపోయారు. పొద్దు వాలకముందే నీళ్ళు ఊళ్ళోకి వచ్చాయి. ఉన్నవాళ్ళు పిల్లల్ని మోసుకుని అంగన్‌వాడీ డాబా ఎక్కారు. టీచరమ్మ అత్తగారు పక్షవాతంతో మంచం మీద ఉంది. ఆడవాళ్ళు నలుగురు మంచం ఎత్తారు. మెట్ల దాకా తేలేకపోయారు.

వారం తర్వాత ఆమె నన్ను పిలిచి, "లంకకు వెళ్తున్నానండి, వస్తారా?" అంది. అప్పటికే సెట్టు సంగతి ఆమెకు అర్థమైపోయింది. ఏలూరు సెట్టులో తొమ్మిది వెళ్ళిన గుర్తుంది, గట్టు మీది దానిలో పదమూడు ఉంది. దారిలో నేను నా ధోరణిలో, ఇక ఆ ఊరివాళ్ళు అమ్మవారికి జాతర మొదలుపెడతారని, మనం గట్టిగా చెప్పి రావాలని అన్నాను.

"ఎవరికి చెబుతారండి?" అంది. "వాళ్ళు ఈసారి అమ్మవారి మాట వినలేదు. తాత మాటా వినలేదు. నా మాట విన్నారు. వినే మునిగారు."

అంగన్‌వాడీ గదిలో నేలంతా బురద. గోడ మీద కాగితం సగం దాకా తడిసి, పైన నా అక్షరాలు అలాగే ఉన్నాయి. ఊరివాళ్ళు గుమ్మం దగ్గర మూగారు. ఆమె బురద పక్కకు తోసి కింద కూర్చుంది. టీచరమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఆ పొద్దున ఎంత పంపారమ్మా?"

"నాలుగండి. పుస్తకంలో రాసుకున్నాను."

"మధ్యాహ్నం ఎంత కనపడింది?"

"పదమూడు. అదీ రాసుకున్నాను."

"పదమూడులోంచి నాలుగు తీసెయ్యండి."

టీచరమ్మ వెంటనే అంది, "తొమ్మిది." తర్వాత గోడ వైపు చూసింది.

"అంటే వచ్చిందన్నమాట."

"వచ్చిందమ్మా."

"తీసేసుకోవాలని నాకెవరూ చెప్పలేదండి. మా పిల్లలు చేస్తారు ఈ లెక్క."

"చెప్పలేదు. నేనే చెప్పలేదు. సెట్టు ఆపకుండా ఉంచితే అదే తీసేసుకునేది. మీరు ఆపారు, అది మరిచిపోయింది. ఆపితే మరిచిపోయేలా దాన్ని కట్టింది నేను. బ్యాటరీ మిగులుతుందని."

టీచరమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "ఆపకపోతే మా అత్తగారు బతికేదాండి?"

నా జీవితంలో నిజం గురించి ఎన్ని వేల పేజీలు రాశానో నాకే లెక్క లేదు. ఆ క్షణంలో మాత్రం ఆమె అబద్ధం చెబితే బాగుండునని కోరుకున్నాను. వరద కదమ్మా, ఎవరు చెప్పగలరు అంటే సరిపోతుంది. గుమ్మంలో ఉన్నవాళ్ళు కూడా ఆ మాట కోసమే చూస్తున్నారు.

"బతికేదమ్మా," అంది ఆమె.

ఒకామె లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఆమె తాగలేదు.

తిరిగి వస్తూ సెట్టు ఉన్న పెట్టెను ఆమె తనే పడవలోకి దించుకుంటోంది. టీచరమ్మ నన్ను రేవులో తాటి దుంగ పక్కకు పిలిచింది.

"మాస్టారూ, ఒక మాటండి. ఈ పదమూడు లాంటివి ముందే రెండుసార్లు వచ్చాయి. ఒకసారి ఏడు, ఒకసారి ఎనిమిది. గోడ మీద లేవు. ఏలూరు వెళ్ళినప్పుడు ఆఫీసులో చెప్పానండి. అవి పట్టించుకోవద్దు, మేడంగారికి మేం చెబుతాం అన్నారు. ఆవిడకు తెలిసి కూడా బాగుచెయ్యలేదనుకుని ఈ వారమంతా మనసులో తిట్టుకున్నాను. ఇవాళ చూస్తే ఆవిడకు తెలియనే తెలియదు. అందరిలో అంటే నా తప్పు కప్పుకుంటున్నానంటారు. మీరు చెప్పండి ఆవిడకు. అంతా తన మీదే వేసుకుంటున్నారు."

చెబుతానమ్మా అన్నాను. పడవ కదిలాక ఆమె అడిగింది.

"టీచరమ్మ ఏదో అంటున్నారు?"

"ఏం లేదండి. జాగ్రత్తగా వెళ్ళమంది."

అలా ఎందుకన్నానో ఇప్పుడు ఎంత తవ్వినా నాకు దొరికే జవాబు ఒక్కటే. రుజువు లేదు. మనిషి తనను తాను కాపాడుకోవడానికి చెప్పే మాటను పరీక్షించకుండా నమ్మకూడదని ఊరూరా చెప్పినవాణ్ణి. ముందు విచారించి, నిజమైతే అప్పుడు చెబుదామనుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆ ఆఫీసుకు వెళ్ళాను. గుమస్తా రిజిస్టరు తిప్పి చూపించాడు.

"ఎవరండీ చెప్పింది? మాకేం రాలేదే. వస్తే ఇందులో ఉండాలి కదండీ. మీరే చూడండి."

రిజిస్టరులో లేదు. ఉండదని నాకు తెలిసి ఉండాల్సింది. తన తప్పును తన పుస్తకంలో రాసుకునే ఆఫీసు ఈ దేశంలో ఎక్కడుంది? కాని నా మనసు తేలికపడింది. సాక్ష్యం లేదు కాబట్టి ఆ మాట లేదు. మూఢనమ్మకాలను కొట్టేసే పద్ధతిలోనే ఒక మనిషి మాటను కొట్టేశాను.

ఆ తర్వాత ఆమె మారింది. గట్టు యజమాని స్తంభం పీకించేశాడు. ఇంకో సెట్టు కడతానంటే ఆఫీసువాళ్ళు వద్దన్నారు. లంకకు వరద కబురు చెప్పే దారి మళ్ళీ లేకుండా పోయింది, ఇప్పటికీ లేదు. గైడుగారు థీసిస్ పూర్తి చేయమన్నారు. లెక్క నెగ్గిందిగా, మాట చేరిందిగా, లంక సంగతి వాడినవాళ్ళ పొరపాటు అని ఒక వాక్యం రాసి వదిలెయ్యమన్నారు. ఆమె ఆ వాక్యం రాయలేదు. కట్టినవాళ్ళ పొరపాటు అని ఒక అధ్యాయం రాసింది. అది తీసేస్తేనే సంతకం పెడతానన్నారాయన. తీయలేదు. సంతకం పడలేదు.

రైల్లో కనిపించేది. మూడు చుక్కలు పెట్టడం మానేసింది. నేను ఎవరితోనైనా వాదనకు దిగితే ఇదివరకటిలా అడ్డు రావడం కూడా మానేసింది. ఒకసారి కావాలనే తప్పు చెప్పాను, సరిదిద్దుతుందేమోనని. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. బొటనవేలు మాత్రం కదులుతూనే ఉంది. చేబ్రోలు దగ్గర ఒక రోజు ఉన్నట్టుండి అంది.

"చిన్న హెచ్చరికైనా వచ్చి ఉండాలండి. ఒకటో రెండో పిచ్చి అంకెలు ముందే వచ్చి ఉంటాయి. రాకుండా ఉండవు. ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే చూసుకునేదాన్ని. చెప్పేవాళ్ళను నేను పెట్టుకోలేదు, అదీ నా తప్పే."

నా నాలుక చివర దాకా వచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచారని అడిగితే ఏం చెప్పాలి? ఆ సిగ్గు ఒక్కటే అడ్డం. తాడేపల్లిగూడెం వచ్చింది, దిగిపోయాం.

ఇవాళ ఇంకొకటి తెలుసు. నేను రుజువు వెతకాల్సింది ఆఫీసు రిజిస్టరులో కాదు. ఏలూరు సెట్టులో ప్రతి రోజు వెళ్ళిన అంకె, వచ్చిన అంకె ఆమె దాచి ఉంచింది. ఏడు, ఎనిమిది అన్న ఆ రెండు అంకెలు చెప్పి ఉంటే గంటలో తేల్చేది. నిజమో అబద్ధమో తేల్చగలిగిన ఒకే ఒక్క మనిషికి ఆ మాట అందకుండా, రుజువు లేదని తీర్పు చెప్పినవాణ్ణి నేను. ఆమె మంచాన పడి రెండు నెలల్లో పోయింది. తమ్ముడు గది ఖాళీ చేస్తూ ఆ సెట్లన్నీ పాత ఇనుముకు వేసేశాడు. టీచరమ్మ పుస్తకంలో ఆ అంకెలు ఉన్నా, సరిపోల్చి చూడడానికి ఏమీ మిగలలేదు, ఇక ఆ మాటను ఎవరూ తేల్చలేరు.

సంతాప సభ అయిన మూడో రోజు లంకకు వెళ్ళాను. టీచరమ్మకు కబురు తెలియదు. అంగన్‌వాడీ గుమ్మంలో పిల్లలకు గుడ్లు పంచుతోంది. చెప్పగానే గిన్నె కింద పెట్టి కూర్చుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆ రోజు నేను మీతో అన్న మాట ఆవిడకు చెప్పారాండి?"

"చెప్పానమ్మా," అన్నాను.

"ఏమన్నారండి?"

పిల్లలు చేతులు చాపి నిలబడి ఉన్నారు. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు పొడుస్తోంది. ఆమె అయితే ఏమనేదో ఊహించడానికి ప్రయత్నించాను. ఎనిమిదేళ్ళు ఎదురుగా కూర్చున్నాను, అది కూడా తెలియలేదు.

"మనసు కొంచెం తేలికపడిందన్నారమ్మా."

టీచరమ్మ తల ఊపింది. "అంతే చాలండి," అని గిన్నె తీసుకుంది. నమ్మింది.